రేకూ రికార్డూ: తిరుపతి, చిత్తూరు సీమలో పాత కార్ల పునరుద్ధరణ

పాత కారును కొని, నట్టు నట్టూ విప్పి, తుప్పు తీసి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాటి రూపానికి తెచ్చి నడుపుకునే వ్యాపకం మన దేశంలో చాలాకాలం సంస్థానాధీశులకూ పెద్ద పారిశ్రామికవేత్తలకూ చెందిన వినోదంగానే చెలామణి అయింది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూసినవారికి ఆ అభిప్రాయం మరింత గట్టిపడుతుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం ఆర్డరిచ్చిన కారు అది. లోపల వెనుక సీటే ఒక సింహాసనం.

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఆ రాజసం వెతికితే దొరకదు. ఇక్కడ గోడౌన్లలో, మామిడి తోటల షెడ్లలో, పాత ఇళ్ల వసారాల్లో టార్పాలిన్ కింద ఉండేవి అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మహీంద్రా జీపు. అదృష్టం కలిసొస్తే స్టాండర్డ్ హెరాల్డ్. అన్నీ చాకిరీ చేసిన బండ్లే. యాత్రికులను తిప్పినవి, మండీ వ్యాపారులను మోసినవి, ప్రభుత్వ ఆఫీసుల ముందు నిలబడినవి. అందువల్ల ఈ సీమలో పునరుద్ధరణ అంటే మ్యూజియం పని తక్కువ, మెకానిక్ షెడ్డు పని ఎక్కువ. ఇందులో కొత్తగా దిగినవారు సాధారణంగా ఇంజన్ గురించే భయపడతారు. నిజానికి ఇంజన్ అన్నిటికన్నా తేలికగా లొంగేది. పని పూర్తవుతుందా, మధ్యలో ఆగి తూకానికి పోతుందా అన్నది తేల్చేవి రెండే: కారు రేకు, కారు రికార్డు.

కొండ దారి, మద్రాసు దారి

తిరుపతిలో మోటారు యుగానికి ఒక తేదీ ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య రూపకల్పన చేసిన తిరుమల మొదటి ఘాట్ రోడ్డును 1944 ఏప్రిల్ 10న అప్పటి మద్రాసు గవర్నర్ సర్ ఆర్థర్ హోప్ ప్రారంభించారు. అంతకుముందు కొండ ఎక్కాలంటే కాలినడక, కాకుంటే డోలీ. 1974లో రెండో ఘాట్ వచ్చాక పాత దారి దిగడానికి మిగిలింది. ఈ రెండు రోడ్ల మీదా దశాబ్దాల పాటు అంబాసిడర్ టాక్సీలు, జీపులు తిరిగాయి. అవి పాడైతే బాగుచేసే మెకానిక్కులు, టింకరింగ్ పనివాళ్లు, సీట్లు కుట్టేవాళ్లు అలిపిరి కింద, రేణిగుంట రోడ్డు పొడవునా తయారయ్యారు. దానికితోడు సెట్టిపల్లె రైల్వే క్యారేజీ రిపేరు షాపు, ఆర్టీసీ డిపోలు ఉండటంతో వెల్డింగు, రేకు పని తెలిసిన చేతులకు ఈ పట్టణంలో కొదవ లేదు.

రెండో కారణం మద్రాసు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం. రాష్ట్రం మారినా బజారు మారలేదు. మద్రాసు అప్పటికే దక్షిణాదికి మోటారు రాజధాని. ఆడిసన్, సింప్సన్ కంపెనీలు అక్కడివి. ఆస్టిన్ ఎ-40 కార్లు బిగించడంతో 1948లో మొదలైన అశోక్ మోటార్స్ తర్వాత అశోక్ లేలాండ్‌గా మారింది. నగరానికి దక్షిణాన వండలూరు దగ్గర స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కార్లు తయారుచేసింది. పిస్టన్లకు ఇండియా పిస్టన్స్ 1949లో, సెల్ఫ్ మోటార్లు, డైనమోలకు లూకాస్-టీవీఎస్ 1961లో, బ్రేకులకు బ్రేక్స్ ఇండియా 1962లో పుట్టాయి. అంటే ఒక సగటు భారతీయ కారు లోపలి సామానులో మంచి భాగం తిరుపతికి మూడు గంటల ప్రయాణ దూరంలోనే తయారైంది. నేటికీ ఆ బంధం తెగలేదు. తిరుపతి అభిమానికి ఏదైనా అరుదైన భాగం కావాలంటే మొదట చెన్నై పుదుపేట పాత సామాన్ల సందుల్లో వెతుకుతాడు, దొరక్కపోతే చిత్తూరు మీదుగా బెంగళూరు శివాజీనగర్ గుజిరీ బజారుకో జేసీ రోడ్డుకో వెళతాడు. రెండు మహానగరాల మధ్య ఇలా కుదిరిన పట్టణాలు తెలుగునాట అరుదు.

పాత బండికి ప్రాణం పోయడంలో తెలుగువారికి బాగా గుర్తున్న ఉదాహరణ అసలు పునరుద్ధరణే కాదు, రూపాంతరం. 1982లో తెలుగుదేశం పార్టీ పెట్టిన ఎన్.టి. రామారావు ఒక పాత షెవర్లే వ్యాన్‌ను ప్రచార వాహనంగా మార్పించుకున్నారు. అదే చైతన్యరథం. కుమారుడు హరికృష్ణ సారథిగా అది రాష్ట్రమంతా తిరిగింది. 1983 ఎన్నికల్లో రామారావు పోటీచేసి గెలిచిన రెండు స్థానాల్లో తిరుపతి ఒకటి. నేటి నిబంధనల ప్రకారం చూస్తే అలాంటి మార్పులకు రవాణా శాఖ అనుమతి ముందుగా తెచ్చుకోవాలి, ‘వింటేజ్’ గుర్తింపు అయితే దక్కేదే కాదు!

ఏ కారు ఎంచుకోవాలి

అంబాసిడర్‌తో మొదలుపెట్టమనే సలహా వినీ వినీ పాతదైంది గానీ తప్పుడు సలహా కాదు. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో దీన్ని తయారుచేసింది. 1957 చివర్లో, 1958 మొదట్లో రోడ్డెక్కిన ఈ కారు 2014 మే దాకా ఉత్పత్తిలో ఉంది. మొదట్లో 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజన్, 1959 నుంచి 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్. మార్క్ 2 1963లో, మార్క్ 3 1975లో, మార్క్ 4 1979లో వచ్చాయి. ముందు గ్రిల్ చూసి ఏ మార్కో చెప్పగలగడం ఈ అభిమానుల్లో ప్రాథమిక అర్హత. ఇంత సుదీర్ఘ కాలం ఒకే ఒరవడిలో నడిచినందువల్ల ఒక మార్కు భాగం మరో మార్కుకు చాలావరకు సరిపోతుంది. అది వరమూ, శాపమూ. వరం ఎందుకంటే సామాను దొరుకుతుంది. శాపం ఎందుకంటే టాక్సీగా తిరిగిన బండిలో నాలుగు కాలాల భాగాలు కలగాపులగమై, ఏది అసలుదో తేల్చడమే ఒక పరిశోధన అవుతుంది.

1990ల తొలినాళ్లలో వచ్చిన అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్ గురించి ఈ సీమకు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గ సంగతి ఉంది. అందులో ఉన్నది జపాన్ ఇసుజు డిజైన్ ఇంజన్, అయిదు గేర్లు. ఆ ఇసుజు కంపెనీ తర్వాత చెన్నై శివార్లలోని తిరువళ్లూరు హిందుస్థాన్ మోటార్స్ ప్లాంటులో తన పికప్‌లు తయారు చేయించుకుని, 2016లో తిరుపతికి తూర్పున శ్రీసిటీలో సొంత ఫ్యాక్టరీ తెరిచింది. పాత అంబాసిడర్లలో వాడుకకు అన్నిటికన్నా హాయిగా ఉండేది ఈ 1800యే. పాతదనం కోసం చూసేవారికి మాత్రం మార్క్ 2యే కళ.

పద్మిని కథ ముంబై కుర్లాలో మొదలైంది. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా వచ్చి, ప్రీమియర్ ప్రెసిడెంట్‌గా పేరు మారి, 1974లో పద్మిని అయింది. 1089 సీసీ ఇంజన్, స్టీరింగ్ పక్కనే గేరు. అంబాసిడర్ కన్నా చిన్నది, చురుకైనది, సొంతంగా నడుపుకునే డాక్టర్లూ లాయర్లూ ఇష్టపడిన కారు. అందుకే ఒకే యజమాని చేతిలో ఉన్న పద్మినులు ఇప్పటికీ అప్పుడప్పుడూ బయటపడతాయి.

మహీంద్రా జీపు మరో దారి. సీజే-3బీ రకంలో 2.2 లీటర్ల హరికేన్ పెట్రోలు ఇంజన్ ఉండేది. తర్వాతి కాలపు మోడళ్లలో ప్యూజో డీజిల్ ఇంజన్లు వచ్చాయి. జీపుకు ఛాసిస్ వేరు, బాడీ వేరు. నాలుగు బోల్టులు విప్పితే పైభాగం పక్కకు పెట్టొచ్చు. తలుపులు, అద్దాలు, లోపలి పరుపులు అన్న బెడద లేదు. చేతిలో డబ్బు తక్కువ, ఓపిక ఎక్కువ ఉన్నవారికి ఇంతకు మించిన పాఠశాల లేదు.

స్టాండర్డ్ హెరాల్డ్ మాత్రం వేరే జాతి. ఇటలీ డిజైనర్ జొవాన్నీ మికెలొట్టి గీసిన ఆకారం. బానెట్టు మొత్తం మడ్‌గార్డులతో సహా ముందుకు లేచి, ముందు చక్రాల దాకా ఇంజనంతా కళ్లెదుట పడుతుంది. 1961 నుంచి మద్రాసులో తయారైంది. బ్రిటన్‌లో రెండు తలుపుల కారుగానే మిగిలిన హెరాల్డ్‌కు నాలుగు తలుపులు పెట్టింది మద్రాసు ఫ్యాక్టరీయే. 1970ల మొదట్లో దాని స్థానంలో గెజెల్ వచ్చింది, అదీ ఆ దశాబ్దం దాటలేదు. కారు దొరకడం కష్టం, దొరికితే వదులుకోవడం పొరపాటు.

ఇటీవల కుర్రకారు చూపు 1983 డిసెంబరులో వచ్చిన తొలితరం మారుతి 800 మీదికీ, 1980ల కాంటెసా మీదికీ మళ్లింది. మారుతి మొదటి రూపం 1986లోనే మారిపోయింది కనుక ఆ తొలి కార్లు అంబాసిడర్ మార్క్ 2 కన్నా అరుదైపోయాయి. పదిహేనేళ్ల క్రితం తూకానికి పోయిన బండ్లకు ఇప్పుడు బేరాలాడుతున్నారు.

రేకు చూసి కారు కొను

రాయలసీమ పొడిగాలి కారు రేకుకు మంచిది. చెన్నై, నెల్లూరు తీరపు ఉప్పుగాలిలో ఉన్న కారుకూ పీలేరు, పలమనేరు వైపు షెడ్డులో ఉన్న కారుకూ తేడా కింద పడుకుని చూస్తే తెలుస్తుంది. అయితే ఎండ రబ్బరునూ రెగ్జిన్‌నూ వదలదు. లోతట్టు కార్లలో తలుపుల బీడింగులు పెళుసెక్కి, డ్యాష్‌బోర్డు పగిలి, సీట్లు చిట్లి ఉంటాయి. వాటిని కొత్తవి వేసుకోవచ్చు. కుళ్లిన రేకుతో పోలిస్తే అది అదృష్టమే.

అంబాసిడర్‌కూ పద్మినికీ విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఎముకల గూడు. తలుపుల కింద పొడవునా సాగే పెట్టె వంటి భాగం, జాకీ పెట్టే చోటు, వెనుక సీటు కింది ఫ్లోరు, కమాను పట్టీలు బాడీకి తగిలే కొక్కేల చుట్టుపక్కల, డిక్కీ అడుగు - ఇవి తినేస్తే కారు బరువు మోయలేదు. తలుపు తెరిచి మూసినప్పుడు అది పైకెత్తి తొయ్యాల్సి వస్తోందంటే కారు నడుము వంగిందని అర్థం. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు కట్టినంత సులువుగా ఈ నడుముకు కట్టు పడదు. లోపల ఆధారాలు పెట్టి, తలుపులు బిగించే ఉంచి, కొలతలు తీసుకుంటూ ముక్క ముక్కగా కోసి కొత్త రేకు అతకాలి.

అమ్మేవారు చేసే ముస్తాబు గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. తుప్పు చిల్లుల మీద పుట్టీ మెత్తి పైన మెరిసే పెయింటు కొట్టిన కారు ఫొటోల్లో పెళ్లికొడుకులా ఉంటుంది. చిన్న అయస్కాంతం ఒకటి జేబులో ఉంటే చాలు. రేకు మీద అతుక్కుంటుంది, మందంగా పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. కిలోమీటర్ల మీటరును కాణిపాకంలో ప్రమాణం చేసి చెప్పినా నమ్మనక్కర్లేదు. పాత మీటర్లలో చాలావాటికి అయిదంకెలే, లక్ష దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలు. దానికన్నా క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బరు అరుగుదల, డ్రైవరు సీటు కింది స్ప్రింగులు నిజం చెబుతాయి. 2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తింది. ఆ ఏడాది నుంచి చేతులు మారిన కార్లలో కార్పెట్టు కింద, హెడ్‌లైట్ల గిన్నెల్లో బురద గీత వెతకడం ఇక్కడి కొనుగోలుదారులకు అలవాటు కావాలి.

కారు కొనే మార్గాలు మూడు. ఒకటి కుటుంబాల నుంచి నేరుగా కొనడం. పెద్దాయన పోయాక ఏళ్లుగా కదలని కారు పిల్లలకు స్థలానికి అడ్డంగా కనిపించే సమయం అది. రెండోది బ్రోకర్లు. మూడోది వేలం. ప్రభుత్వ శాఖలు, తిరుమల తిరుపతి దేవస్థానం తమ వాడిన వాహనాలను వేలం వేస్తుంటాయి. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కేసుల్లో పట్టుబడిన బండ్లూ చివరికి వేలానికే చేరతాయి. అవి ఎక్కువగా ఈ కాలపు కార్లే కానీ, వాటి మధ్య ఒక పాత జీపు కనబడితే ఆశ్చర్యం లేదు. కేసు పూర్తిగా ముగిసిందన్న కాగితం లేకుండా అటు చెయ్యి చాపకూడదు.

రికార్డు: అసలైన కష్టం

ఇంజన్ ఆగిపోతే మెకానిక్ ఉన్నాడు. సి-బుక్కు లేకపోతే ఎవరూ లేరు. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవీ పుస్తకంలో ఉన్నవీ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవని కారును ఎంత చవగ్గా ఇచ్చినా సామానుగా కొనాలి తప్ప కారుగా కాదు. డీజిల్ చవకగా ఉన్న రోజుల్లో పెట్రోలు అంబాసిడర్లకు, పద్మినులకు డీజిల్ ఇంజన్లు ఎక్కించడం మామూలు. అందులో ఎంతమంది ఆ మార్పును రవాణా కార్యాలయంలో ఎక్కించారన్నది వేరే సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన మూల లక్షణాలను మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది.

బదిలీకి 29, 30 నంబరు ఫారాలు అందరికీ తెలిసినవే. పాత కార్లలో ఎక్కువగా పనికొచ్చేవి తక్కువమందికి తెలిసిన మరికొన్ని: యజమాని చనిపోయి వారసుల పేరిట మార్చడానికి 31, వేలంలో కొన్నదానికి 32, పోయిన సి-బుక్కు నకలుకు 26, పక్క రాష్ట్రం నుంచి తెచ్చేదానికి ఎన్‌వోసీ కోసం 28. తమిళనాడు, కర్ణాటక సరిహద్దులు గంటలో దాటగల జిల్లాలు ఇవి. కనుక 28 లేకుండా ఏళ్ల తరబడి తమిళనాడు నంబరుతోనే తిరుగుతున్న బండ్లు కనబడతాయి. ఢిల్లీలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద ఆంక్షల వల్ల అక్కడి కార్లు చవగ్గా దక్షిణానికి వచ్చాయి. వాటిని ఇక్కడ నమోదు చేయించుకునేటప్పుడు కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలుపుకుంటే ఆ చవక చాలావరకు ఆవిరైపోతుంది. నంబరు ప్లేటు కూడా ఒక చరిత్ర పుటే. ‘ఎ’తో మొదలయ్యే మూడక్షరాల పాత ఆంధ్రప్రదేశ్ నంబర్లు, వాటి తర్వాత చిత్తూరు జిల్లా గుర్తుగా ఏపీ 03, 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకటే అయిన ఏపీ 39. మొదటి రకం నంబరుతో, మొదటి యజమాని పేరుతో దొరికిన కారుకు అభిమానులు అదనంగా ఇచ్చే విలువ ఆ పలకదే.

పదిహేనేళ్లు దాటిన సొంత కారు రిజిస్ట్రేషన్‌ను ఫారం 25తో అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. తనిఖీకి బండిని చూపాలి, హరిత పన్ను కట్టాలి. 2022 ఏప్రిల్‌లో కారుకు రెన్యువల్ రుసుము 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 2025 ఆగస్టులో వచ్చిన సవరణతో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు అది 10,000 అయింది. ఖరీదైన బొమ్మలు కొనేవారికి ఇది లెక్కలోది కాదు. తాతగారి పద్మినిని ఏడాదికి నాలుగుసార్లు బయటికి తీసేవారికి మాత్రం తగిలేదే.

2021 జులైలో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నమోదు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు నిండి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు లేని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు దీనికి అర్హమైనవి. రాష్ట్ర సంకేతం తర్వాత ‘వీఏ’ అక్షరాలతో నంబరు వస్తుంది. కొత్త నమోదుకు 20,000, మళ్లీ చేయించడానికి 5,000 రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు. అంబాసిడర్ మార్క్ 1, మార్క్ 2, హెరాల్డ్ కార్లు ఈ గీత దాటేశాయి. అయితే ఈ పలకతో బండిని రోజువారీ పనులకు వాడకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం పోయించుకోవడం, మరమ్మతులకే రోడ్డెక్కాలి. కొండకు వెళ్లి రావడం ఆ జాబితాలో లేదు. తిరుపతిలో కారు బాగుచేసుకున్నవారు మొదట తలచుకునే ప్రయాణమే అది కాబట్టి, ఈ ఊరివారికి పాత పద్ధతి రెన్యువలే నయం అనిపిస్తుంది.

అంతర్జాతీయంగా 1966లో ఏర్పడ్డ చారిత్రక వాహనాల సమాఖ్య ‘ఫీవా’ ముప్పై ఏళ్ల వయసును గీతగా పెట్టుకుంది. మన మోటారు బీమా టారిఫ్ 1940 డిసెంబరు 31కి ముందు తయారైనవాటినే వింటేజ్ అంది. కనుక అంబాసిడర్ యజమాని బీమా ఏజెంటు దగ్గర ఆ మాట ఎత్తి లాభం లేదు. థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. సొంత నష్టానికి బీమా కావాలంటే కారు విలువను కంపెనీతో ముందే మాట్లాడుకుని ఒప్పందం రాయించుకోవాలి.

షెడ్డులో

పని మొదలయ్యేది పానాతో కాదు, ఫోనుతో. విప్పకముందు ప్రతి మూలా ఫొటో తీయాలి. తీసిన స్క్రూలు, క్లిప్పులు ప్లాస్టిక్ కవర్లలో వేసి ఎక్కడివో రాసిపెట్టాలి. ఇంజన్ గదిలోని తీగల రంగులు కాగితం మీద గీసుకోవాలి. విప్పడం వారంలో అయిపోతుంది. బిగించేది ఏడాది తర్వాత, అప్పటికి మెకానిక్ మారిపోయి ఉండవచ్చు. ఈ ఒక్క క్రమశిక్షణ లేక డబ్బాల్లో మిగిలిపోయిన కార్లు అన్ని ఊళ్లలోనూ ఉన్నాయి.

తర్వాత రేకు పని. పాత పెయింటు గోకి, తుప్పు కోసి, కొత్త ముక్క గ్యాస్‌తోనో మిగ్‌తోనో వెల్డింగ్ చేసి, అరగదీసి వెంటనే ప్రైమరు కొట్టాలి. అంబాసిడర్ రేకు మందమైనది కనుక చేయి తిరిగిన టింకరింగ్ పనివాడు సుత్తి, దిమ్మెలతోనే సొట్టలు సరిచేసి పుట్టీ అవసరాన్ని పలచటి పొరకు దించగలడు. ఆ పనివాళ్లు తగ్గిపోతున్నారు. కొత్త కార్లకు భాగం మొత్తం మార్చేస్తారు తప్ప సొట్ట తీయరు మరి. యాభై దాటిన టింకరింగ్ మేస్త్రీ దొరికితే, అతని వీలును బట్టి యజమాని తన తేదీలు మార్చుకోవడం తెలివైన పని.

పెయింటుకు కాలం చూడాలి. తిరుపతికి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ తేమలో పెయింటు కొడితే పొర పాలిపోతుంది. ఏప్రిల్, మే ఎండల్లో పెయింటు తుంపర రేకు మీద పడకముందే ఆరి గరుకుగా తేలుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలలు అనుకూలం. రంగు విషయంలో ఫ్యాక్టరీ ఇచ్చినదానికే కట్టుబడటం మంచిది. అసలు రంగు తెలుసుకోవడానికి డ్యాష్‌బోర్డు వెనుక, డిక్కీ రబ్బరు కింద గోకి చూస్తారు. తెల్ల అంబాసిడర్‌ను ఎరుపూ నలుపూ చేసి, వెడల్పు చక్రాలు తొడిగి ‘రీస్టోర్’ చేశామనడం మామూలైంది. అది సొంతదారు ఇష్టం కావచ్చు గానీ, పునరుద్ధరణ కాదు. ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ ప్రకటన ఇంకో అడుగు ముందుకేసి, అసలు భాగం బతికి ఉంటే కొత్తదానితో మార్చవద్దంటుంది. గీతలు పడ్డ అసలు స్టీరింగు చక్రం, కొత్తగా తెచ్చిన నకిలీ చక్రం కన్నా విలువైనది.

ఇంజన్ సంగతి క్లుప్తంగా. కంప్రెషన్ చూసి, తక్కువైతే దించి, బోరు కొలిచి, రీబోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తారు. క్రాంకు గ్రైండింగుకు లేతు షాపులున్నాయి. 1489 సీసీ ఇంజన్‌కు పిస్టన్లు, రింగులు, బేరింగులు ఇప్పటికీ బజారులో దొరుకుతాయి. ఇంజన్ దించినప్పుడే చేయించుకోవలసిన పని ఒకటుంది. దేశమంతటా 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే వస్తోంది. పాత ఇంజన్లలో ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే చోటును కాపాడింది ఆ సీసమే. కనుక గట్టి లోహపు వాల్వు సీట్లు ఎక్కించుకోవాలి.

ఎక్కడినుంచో తెప్పించనక్కర్లేని సామాను ఒక్క బ్యాటరీయే. 1985లో గల్లా రామచంద్రనాయుడు స్థాపించిన అమరరాజా కంపెనీ తిరుపతి పక్కనే కరకంబాడిలో ఉంది. అమరాన్ బ్యాటరీలు ఇక్కడివే. బిగించేముందు మాత్రం ఒకటికి రెండుసార్లు చూడాలి. పాత బ్రిటిష్ డిజైన్ కార్లలో చాలావాటికి ప్లస్ తీగ బాడీకి కలిపి ఉండేది. ఆ సంగతి తెలియక ఇప్పటి అలవాటు ప్రకారం కలిపితే రేడియో, డైనమో రెండూ ప్రమాదంలో పడతాయి.

రోడ్డు మీద

బాగైన కారుకు ఈ జిల్లాల్లో మొదటి పరీక్ష వేడి, రెండోది ఘాట్ రోడ్డు. మే నెలలో రెండో ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ పక్కనే ఉన్న పెట్రోలు పంపు కాగి, లోపల ఇంధనం ఆవిరై బండి ఆగిపోతుంది. పాత టాక్సీ డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ చుట్టి నడిపేవారు. ఆ చిట్కా ఇప్పటికీ పనిచేస్తుంది. రేడియేటర్‌ను విప్పించి శుభ్రం చేయించడం, ఫ్యాను బెల్టు మార్చడం, డిక్కీలో నీళ్ల డబ్బా పెట్టుకోవడం ఇంకా మంచిది.

దిగడమే అసలు జాగ్రత్త కావలసిన చోటు. పాత ఘాట్‌లో వరుసగా వచ్చే హెయిర్‌పిన్ మలుపుల్లో, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉన్న కారును బ్రేకు తొక్కుకుంటూ దింపితే డ్రమ్ములు కాగి సగం దారిలో పెడల్ కిందికి పోతుంది. ఎక్కిన గేరులోనే దిగాలన్నది పాతకాలపు సూత్రం. నిర్ణీత సమయం కన్నా ముందే కిందికి చేరితే దేవస్థానం జరిమానా వేస్తుంది. పాత కారు నడిపేవారికి ఆ భయం ఎలాగూ ఉండదు.

ఇంధనం కొత్త సమస్య. బంకుల్లో ఇప్పుడు దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను, కార్బొరేటర్ డయాఫ్రంలను మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని కారులో ట్యాంకు అడుగున నీరు చేరి తుప్పు పుట్టడానికి అదొక దారి. గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చడం, ట్యాంకును నిండుగా ఉంచడం లేదా పూర్తిగా ఖాళీ చేయడం, పదిహేను రోజులకోసారి ఊరి బయటిదాకా తిప్పడం అవసరమయ్యాయి.

చూసి నేర్చుకోవాలనుకునేవారికి దగ్గరి చోట్లు పక్క రాష్ట్రాల్లోనే ఉన్నాయి. చెన్నై వడపళనిలో ఏవీఎం స్టూడియో 2023 మేలో తెరిచిన మ్యూజియంలో సినిమా సామగ్రితో పాటు పాత కార్ల వరుస ఉంది. కోయంబత్తూరులో జీడీ నాయుడు పేరిట నడిచే సంస్థ గెడీ కార్ మ్యూజియం పెట్టింది. శ్రీరంగపట్నం దగ్గర ‘పయణ’ కార్ల మ్యూజియం ఉంది. చెన్నైలో మద్రాస్ హెరిటేజ్ మోటరింగ్ క్లబ్, హైదరాబాద్‌లో దక్కన్ హెరిటేజ్ ఆటోమొబైల్స్ అసోసియేషన్ ప్రదర్శనలు, ర్యాలీలు నిర్వహిస్తాయి. అలాంటి ప్రదర్శనకు వెళ్లినవారు మెరిసే బానెట్లను వదిలి, యజమానులను టైర్ల గురించి అడగడం లాభసాటి. అంబాసిడర్‌కు 5.90-15, పద్మినికి 5.20-14, జీపుకు 6.00-16 కొలతల టైర్లు పడతాయి. జీపు టైర్లు ట్రాలీల పుణ్యమా అని తేలిగ్గానే దొరుకుతాయి. మిగతా రెండింటికీ దుకాణదారులు రేడియల్ టైర్లు అంటగడతారు. వాటితో పాత స్టీరింగు కాస్త బరువెక్కుతుంది, మీటరు వేగం తప్పు చూపుతుంది. సరైన కొలత టైరు ఎక్కడ నిల్వ ఉందో తెలిసినవారు ఆ దుకాణం పేరు అంత సులభంగా చెప్పరు.